వాల్ట్ పొలంలో నా కోత

అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలో ఓ కౌంటీ వీక్లీ పేపర్లో పనిచేసినన్నాళ్ళూ నేను తప్పుగా రాసిన పేర్లు రెండు, తప్పుగా రాసిన పొలం ఒకటి. పేర్లవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. పొలం సంగతి వినండి.

ఎనభైల మొదట్లో మాట. మా ఆవిడ సరళ అక్కడి హాస్పిటల్లో డాక్టర్. విజయవాడలో పేపర్ ఉద్యోగం వదిలి వెంట వెళ్ళిన నాకు ఆ వీక్లీలో పని దొరికింది. గోధుమలు అవసరానికి మించి పండుతున్నాయని, కొంత భూమి ఖాళీగా వదిలిన రైతుకి ప్రభుత్వం డబ్బిచ్చేది. ఎవరు ఎన్ని ఎకరాలు వదిలారో లిస్టు తీసుకుని బయల్దేరాను. వాల్ట్ అనే రైతు వదిలానన్న నలభై ఎకరాలూ మోకాలెత్తున పచ్చగా ఉన్నాయి. ఫోటో తీశాను. పేరు స్పెల్లింగ్ రెండుసార్లు, ఎకరాలు మూడుసార్లు చెక్ చేశాను. ‘ఖాళీ పొలంలో గోధుమ’ అని మొదటి పేజీలో వేశాం.

సరళ పేపర్ చూసి, "వాల్ట్‌ని అడిగారా?" అంది.

"అడగడమెందుకు? గోధుమని గుర్తుపట్టలేనా? రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి."

"రైతు మా నాన్నండీ. మీ నాన్నగారు లెక్కల మాస్టారు."

మర్నాడు వాల్ట్ మా ఆఫీసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. గొంతు పెంచలేదు.

"రావ్, అది ఓట్స్. గాలికి మట్టి లేచిపోకుండా ఏదో ఒకటి వెయ్యమని ప్రభుత్వం వాళ్ళే చెప్తారు. కంకి వేసేలోపు కోసి పారేస్తే చాలు. కంకి కనబడిందా, పంట పండించినట్టే లెక్క, ఈ ఏడాది పేమెంట్ మొత్తం పోయినట్టే. బ్యాంకు వాయిదా దానితోనే కట్టాలి."

"అయితే వెంటనే కోసెయ్యండి."

"ఇవాళ కోద్దామనే అనుకున్నా. నీ ఫోటో చూసి, మా మనిషి వచ్చి చూసేదాకా ముట్టుకోవద్దని కౌంటీ ఆఫీసు నుంచి ఫోన్."

సవరణ మొదటి పేజీలోనే వేస్తామన్నాం. ఓట్స్‌కి అది పట్టదు, పెరుగుతూనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి వంగి, లోపల కంకి కడుతోందేమోనని మొక్కల పొట్ట నొక్కి చూసేవాణ్ణి.

"ఇంటర్వ్యూ ఇస్తున్నాయా?" అని ఒకసారి అడిగాడు వాల్ట్.

ఐదో రోజు ఉదయం ఆఫీసు మనిషి వచ్చాడు. నాలుగు మొక్కలు పీకి చూశాడు. "ఓట్సే. ఇంకా కంకి రాలేదు, రేపటికి వచ్చేస్తుంది. ఇవాళే కోసెయ్," అని వెళ్ళిపోయాడు.

వాల్ట్ దగ్గర ట్రాక్టర్లు రెండు, నడిపేవాడు ఒక్కడు.

"రెండోది నేను నడుపుతాను," అన్నాను. వేరే దారి లేక వాల్ట్ నేర్పాడు. తను తూర్పు నుంచి మొదలుపెట్టాడు, నేను పడమర నుంచి.

పని సాఫీగానే సాగింది. మధ్యాహ్నం దాటాక పడమటి అంచున ఓ చోట కంకులు కనిపించాయి. ఆఫీసు మనిషి ఇటు రాకపోవడం మన అదృష్టం అనుకున్నాను. అక్కడ మరింత శ్రద్ధగా, ఒకటికి రెండుసార్లు, నేలకి ఆనించి కోశాను. ఒక్క కంకి మిగలనివ్వలేదు.

పొద్దు వాలేసరికి ఓట్స్ అయిపోయాయి. వాల్ట్‌కి పేమెంట్ దక్కింది. ట్రాక్టర్ దిగి నాకేసి నడిచొస్తూ మధ్యలో ఆగిపోయాడు.

"రావ్, ఇక్కడ కంకులుండాలే?"

"అన్నీ కోసేశాను. మీరేం కంగారుపడకండి."

"అది నా గోధుమ."

ఓట్స్‌కీ, పక్కనున్న అతని గోధుమ చేనుకీ మధ్య కంచె లేదు. నాలుగెకరాలు పోయింది. నష్టం నేనే కడతానన్నాను. వాల్ట్ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. ఇకమీదట నువ్వు వ్యవసాయం చెయ్యకుండా ఉండు. కావాలంటే ఎకరానికింతని నేనే ఇస్తాను."

ఇంటికొచ్చి సరళతో చెప్పాను. "ఒప్పుకున్నారా?" అంది.

ఒప్పుకున్నాను. నేటికీ షరతు తప్పలేదు. మా ఇంట్లో కుండీలో కొత్తిమీర వేసేది కూడా సరళే.