సంచిలో రెండు కార్బ్యురేటర్లు

నా పాత స్కూటర్ మళ్ళీ ఆగిపోయింది. ఎస్.ఆర్. నగర్‌లో మెకానిక్కుని నోటికొచ్చినట్టు తిట్టి, అమీర్‌పేటలో బస్సెక్కాను. పక్కసీటు పెద్దమనిషి సంచి గుప్పున పెట్రోలు వాసన కొడుతోంది.

"బస్సులో పెట్రోలేంటండీ?" అని అరిచాను.

"పెట్రోల్ లేదు సార్, మొత్తం వంపేసిన," అంటూ సంచి తెరిచాడు. లోపల రెండు కార్బ్యురేటర్లు. చెరువులో జనాన్ని తిప్పే వాటర్ స్కూటర్‌వట. ఆయన దాని మెకానిక్కు.

"కార్బ్యురేటర్లో చెత్త అడ్డుపడితే పిన్నీసుతో పొడిస్తే పోదా?" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. ఇంజన్‌కి పెట్రోలు కొలిచి పంపే గోరంత ఇత్తడి జెట్టు తీసి కిటికీ వెలుగుకి ఎత్తిపట్టాడు.

"గీ బొక్క చూడుండ్రి. మా ఓనర్ సుత గట్లనే పొడిచిండు. బొక్క పెద్దగైంది. పెట్రోల్ మస్తు ఎక్కువ పోయి, నిన్న చెరువు నడుమ ఇంజన్ బందైంది. బండి మీద ఒకామె, ఆమె బిడ్డ. రోడ్డు మీదైతే దిగి తోస్తరు. నీళ్లల్ల ఎవలు దిగుతరు? మీరు దిగుతరా?"

ఆయన ఫోను మోగుతూనే ఉంది. కొత్త జెట్టు వచ్చేదాకా ఆగకుండా బండి చెరువులోకి దింపమని ఓనరు గొడవట.

"ఎత్తరేం?"

"ఎందుకెత్తాలె? రెండూ ఇప్పుకొచ్చిన. ఇగ ఎట్ల దింపుతడో చూస్త!"

పంజాగుట్టలో సంచిని గుండెలకి హత్తుకుని దిగిపోయాడు.

నా స్కూటర్ జెట్టుని పిన్నీసుతో రెండుసార్లు పొడిచింది నేనే. ఎస్.ఆర్. నగర్ మెకానిక్కుకి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.