నీలి మరకల తువాలు

గ్యాంగ్‌మన్ బాపు పోయిన కబురు మొదట నాకు చెప్పింది మాకు పాలు పోసే ఎల్లమ్మ. "బిందె పట్టుకొనే పడిపోయిండమ్మా, మీ గల్లీ నల్లా కాడ్నే" అంటూ కూలబడింది.

ఫలక్‌నుమా గుట్ట వెనక మా బస్తీకి అప్పట్లో నల్లాలు లేవు. ఆయన రైలు పట్టాల పని నుంచి రాగానే అర్జీ కాగితంతో ఇల్లిల్లూ తిరిగేవాడు. వేలిముద్ర వేసిన ప్రతివాళ్ల బొటనవేలినీ తన భుజం మీది తువాలుతో తుడిచేవాడు. దాని నిండా నీలి మరకలే. ఇంట్లోనే నాన్న దగ్గర చదువుకున్న నేను సంతకం చేస్తే, "మన బిడ్డ మస్తు రాస్తది!" అని అందరికీ చూపించి, గల్లీల పేర్లు నాతోనే రాయించాడు.

"ముందుగాల నాది రాసుకుంటే బాగుండదు బిడ్డా. మా గల్లీ ఆఖర్న రాయి."

రాశాను. కొన్నేళ్లకు పైపులు వచ్చాయి. వరసలో ఆఖరి గల్లీకి మాత్రం చాలలేదు.

"నేను మీ గల్లీ పేరు పైన రాసుంటే బాగుండేది బాపూ" అని ఏడ్చాను. ఆ తువాలుతోనే నా కళ్లు తుడిచాడు.

"గింతదానికి ఫికర్ ఏంది? మళ్ల రాద్దాం తియ్. గీసారి మా గల్లీ పేరొక్కటే ఉంటది, ముందుగాల గదే!"

ఆ రెండో అర్జీకి జవాబు రాలేదు. చివరిదాకా ఆయన మా నల్లా దగ్గరికే బిందెతో వచ్చాడు.

పొద్దున్నే దేవుడి ముందు చెంబు నీళ్లు పెట్టి, ఆయనకూ దండం పెట్టుకుంటాను. మీరూ నల్లా తిప్పినప్పుడు, ఆ తువాలాయనను ఒక్కసారి తలుచుకోండి.