ఇంటికి వచ్చేస్తా అన్న మాట

గుడుపల్లెలో మా తమ్ముడి ఇంటి వసారాలో కూర్చుని ఉండగా ఆ మాట నా చెవిన పడింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ తమ్ముడి కూతురు ఫోనులో ఎవరితోనో అంటోంది: "రేపు సాయంత్రానికంతా ఇంటికి వచ్చేస్తాలే."

ఉన్నది ఇంట్లోనే. మరి వచ్చేది ఏ ఇంటికి?

ఆమె బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తోంది. మదనపల్లెలో టమోటా మండీ నడిపే వాళ్ళు సంబంధం అడిగారు. సోమవారానికి మాటివ్వాలి. పిల్ల ఔననదు, కాదనదు. "నువ్వే అడుగన్నా, నీకైతే సెప్తాది" అని తమ్ముడు నన్ను పుంగనూరు నుంచి పిలిపించాడు.

సంచిలో ఉన్న ఈ ఏటి డైరీ తిరగేశాను. ఉగాదికి వచ్చినప్పుడు "బెంగళూరికి పోయొస్తా" అన్నదని రాసుకున్నాను. వినాయక చవితికి వచ్చి "పోతాండా" అన్నది. పోయొస్తా అనకుండానే గడప దాటిందని వాళ్ళమ్మ నొచ్చుకుంది. అదీ రాసి ఉంది. ఇప్పుడు ఆ ఊరికి "వచ్చేస్తా" అంటోంది. మాట ఇలా తిరగబడిందంటే వెనక ఎవడో ఉన్నాడనుకున్నాను.

మర్నాడు కుప్పం స్టేషనులో నేనే దిగబెడతానని వెంట వెళ్ళాను.

"ఎవురమ్మా ఆ పిల్లోడు?"

"ఏ పిల్లోడు?"

"నిన్న ఫోనులో ఇంటికి వచ్చేస్తా అంటివే, వాడు."

పగలబడి నవ్వింది. "సీఐడీ పని సేస్తాండావా పెద్దనాయనా? అది నా రూము పిల్ల. బియ్యం అయిపోయినాయంట."

ఫోను చూపించింది. ఆడపిల్ల పేరే ఉంది. పేరుదేముంది, ఏదైనా పెట్టుకోవచ్చు.

"ఎవుడూ ల్యాకుంటే మదనపల్లెకి యాల పలకవు?"

నవ్వు ఆగిపోయింది. "ఈడ నేను మా నాయన కూతుర్ని. మదనపల్లెకి పోతే మండీ వాళ్ళ కోడల్ని. బెంగళూరులో నన్ను నా పేరుతో పిలుస్తారు. ఫ్యాక్టరీలో ఒక కుట్టుమిషన్ల లైను మొత్తం నేనే సూసుకుంటాండా. ఓటు గూడా ఆడికే మార్సుకున్నా. ఇంక ఆడే ఉంటా. నాయనకి నువ్వే సెప్పు."

రైలు వచ్చింది, ఎక్కేసింది.

వెనక్కి వెళ్ళి చెబితే తమ్ముడు సగమే విన్నాడు. "ఎవుడూ ల్యాడు కదా! బతికించినావు. అయితే మాటిచ్చేద్దాం."

"ఇయ్యద్దు" అన్నాను. "ఎవుడన్నా ఉంటే నచ్చజెప్పి మాన్పించుండొచ్చు. దీనికి ఏమని నచ్చజెప్తావు?"

వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. మదనపల్లెకి నేనే ఫోను చేసి, పిల్ల బెంగళూరులోనే స్థిరపడుతుందట, మా కోసం ఆగవద్దని చెప్పాను.

అవతలాయన గొంతు తగ్గించి అడిగాడు: "నిజం సెప్పప్పా. ఆడ ఎవురన్నా ఉండారా?"

"ఎవురూ ల్యారు" అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మించేంత గట్టిగా నేనూ చెప్పలేకపోయాను.