సిస్టరమ్మ కడగనివ్వని రాళ్ళు

1. మంగళవారం ఉదయం ఆరున్నరకు మూడో అంతస్తు గుమ్మం దగ్గర పాల ప్యాకెట్టు తీయకుండా అలాగే ఉంది.
2. ఏడింటికి బెల్లు కొట్టాను. మళ్ళీ కొట్టాను. లోపల చేపల తొట్టె పంపు చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.
3. ఏడుంబావుకు గార్డు భయ్యా తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాడు.
4. సిస్టరమ్మ నిద్రలోనే వెళ్ళిపోయారు.
5. ఏం చేయాలో తోచక నేను ఆవిడ చేపలకు మేత వేశాను.

ఐదో అంశం ఇక్కడ రాయదగినదో కాదో నిన్నటి వరకు తేల్చుకోలేకపోయాను. కానీ జరిగిన క్రమం అదే.

ఢిల్లీ ద్వారకలోని మా అపార్ట్‌మెంటులో ఆవిడను పేరు పెట్టి పిలిచినవారు లేరు. బందరు ప్రాంతం నుంచి వచ్చి, ఇక్కడే డయాలసిస్ వార్డు నర్సుగా పని చేసి రిటైరయ్యారు. ముందు గదిలో సిమెంటు అరుగు మీద ఉప్పునీటి తొట్టె. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు, ఊదారంగు పెచ్చు కట్టిన రాళ్ళు. ‘సముద్రం గుర్తుకొచ్చి పెట్టుకున్నారా?’ అని ఒకసారి అడిగాను. ‘సముద్రం కాదు బాబూ, వార్డు గుర్తుకొచ్చి. పొద్దున్న లేవగానే ఎవరో ఒకరి చార్టు చూడకపోతే నాకు తోచదు’ అన్నారు.

నేను ఏ పనైనా చదువుకుని సొంతంగా నేర్చుకునే మనిషిని. నేనూ ఒక తొట్టె పెట్టాలనుకున్నప్పుడు నలభై ఒక్క అంశాల జాబితా రాసి ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు.

‘అన్నీ ఉన్నాయి బాబూ. ఆగడం ఒక్కటే లేదు.’

ఆ లోపం త్వరలోనే బయటపడింది. మే నెల వేడికి, పక్కనే తిరిగే కూలరు గాలికి తొట్టెలో నీళ్ళు రోజూ వేలెడు తగ్గేవి. సముద్రపు నీటికి సరిగ్గా సరిపోయేలా ఉప్పు కొలిచి కలిపి, తగ్గినంతా రోజూ నింపాను. ఎనిమిదో రోజుకు ఉప్పు మీటరు ముల్లు గీతలు దాటిపోయింది. మీటరు చెడిపోయిందని పై అంతస్తులో ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాను. సిస్టరమ్మ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

‘ఆవిరయ్యేది నీళ్ళు. ఉప్పెక్కడికి పోతుంది? తగ్గినప్పుడు మంచినీళ్ళు పొయ్యాలి. మా వార్డులో అయితే నీ పేషెంటు ఈపాటికి…’ అని, నా ముఖం చూసి ఆగిపోయారు. ‘పోన్లే. అందులో ఇంకా ఎవరూ లేరుగా.’

ఎవరినీ వేయనిచ్చేవారు కాదు. ఖాళీ తొట్టెలో రోజూ చిటికెడు మేత కుళ్ళబెట్టాలి. దాని విషాన్ని హరించే సూక్ష్మజీవులు పుట్టాలి. పరీక్షగొట్టంలో రంగు వరుసగా రెండు రోజులు పసుపుగా వస్తేనే చేప. నాకేమో ఐదు వారాలైనా విషం ఉందని చూపే ఆకుపచ్చే.

‘ఒక్క చేప, సిస్టరమ్మా.’

‘చచ్చిపోతే నీ లిస్టులో ఎన్నో నంబరు వేస్తావు?’

ఆకుపచ్చ తగ్గకుండానే ఆవిడ వెళ్ళిపోయారు. గురువారం చర్చివారు అంత్యక్రియలు జరిపించారు. పుణే నుంచి వచ్చిన కూతురు శనివారానికి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళాలి. ‘ఫిష్ మీరే తీసుకోండి అంకుల్, ప్లీజ్. మమ్మీకి మీ మీద ట్రస్ట్ ఉండేది’ అంది. ఆవిడ తొట్టెను దింపే వీలు లేదు. మూల అద్దం అతుకులోంచి అప్పటికే నీళ్ళు ఊరుతున్నాయి, కదిపితే విడిపోతుంది. నా తొట్టెలో వేస్తే ఆ విషపు నీళ్ళలో రెండూ చనిపోతాయి. ఆ రాత్రంతా నిద్ర లేదు. కాగితం మీద ఏడు మార్గాలు రాశాను, ఏడూ కొట్టేశాను.

శుక్రవారం ఉదయం పైకి వెళ్ళేసరికి బాత్‌రూంలో కుళాయి చప్పుడు. పనిచేసే దీదీ ఆ ఊదారంగు రాళ్ళను బకెట్లో వేసుకుని బ్రష్షుతో తోముతోంది.

‘దీదీ, రుకియే! నల్ బంద్ కీజియే!’ అని కుళాయి కట్టేయమని అరిచాను.

కూతురు పరుగున వచ్చింది. ‘క్యా హువా అంకుల్? గందీగా ఉన్నాయని నేనే చెప్పా. క్లీన్ చేసి ఇద్దామని…’

ఎందుకు అరిచానో నాకే ఒక క్షణం తెలియలేదు. తర్వాత గుర్తొచ్చింది. సిస్టరమ్మ రాళ్ళను ఎప్పుడూ తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే జాడించేవారు. ‘కుళాయి నీళ్ళు తగిలితే రాయి చచ్చిపోతుంది’ అనేవారు. రాయి చావడమేమిటని నవ్వి, ఆ మాటను జాబితాలో చేర్చలేదు. నేను ఐదు వారాలుగా పుట్టించలేకపోతున్న సూక్ష్మజీవులు ఆ పెచ్చుల్లో ఏళ్ళుగా కాపురముంటున్నాయి.

‘ఆ మురికే వాటికి ప్రాణం, అమ్మాయీ’ అన్నాను. ఆ పిల్ల బకెట్టు ముందు కూలబడి, తల్లి పోయాక మొదటిసారి నా ఎదుట ఏడ్చింది. దీదీ బ్రష్షు పక్కన పెట్టి ఆమె వీపు నిమిరింది. తోమినది ఒక్క రాయే. బకెట్లో మిగిలిన ఆరింటికీ ఇంకా తొట్టె నీళ్ళ తడే ఉంది, కుళాయి నీళ్ళు తగల్లేదు.

కిందికి వచ్చి నా తొట్టె మొత్తం ఖాళీ చేశాను. ఐదు వారాల నీళ్ళు బాత్‌రూం కాలువలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ తొట్టెలోని నీళ్ళను ఆ పిల్లా నేనూ బకెట్లతో మెట్ల మీదుగా దింపాము. రాళ్ళు పేర్చాను. చివరికి చేపల్ని వదిలాను.

శనివారం, ఆదివారం అవి వెనక మూల నుంచి కదల్లేదు. మేత ముట్టలేదు. గంటకోసారి వెళ్ళి చూశాను, ఇంట్లోవాళ్ళు విసుక్కున్నారు. పరీక్షగొట్టంలో రెండు రోజులూ పసుపే. నాకు నమ్మకం కుదరక మూడోసారీ చూశాను. పసుపే. అయినా చేపలు తినడం లేదు. ఇప్పుడు చార్టు చూసి చెప్పేవారెవరూ లేరు.

ఈ ఉదయం నాలుగు గింజలు వేసి, కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. చిన్న చేప రాళ్ళ నడుమ నుంచి బయటికి వచ్చింది. ఒక గింజ అందుకుని, ఉమ్మేసి, అది కిందికి జారుతుంటే తలవంచి చూసింది. మళ్ళీ వెంటబడి నోట పట్టుకుంది.

సోమవారం, ఉదయం 7.40
ముద్దాల లక్ష్మీ సూర్యప్రకాశరావు