నా వేషం ఆమె వేసింది

డిగ్రీ చివరి ఏడాదిలో మా క్లాసు వాళ్లను తలా ఒక చిన్న సినిమా తీయమన్నారు. నేను కామెడీ రాసుకున్నాను. ఏడో క్లాసులో ప్రతిదానికీ పోటీపడే ఇద్దరమ్మాయిల కథ. కల్పించిందేమీ లేదు. అందులో ఒకతి నేను. రెండోది బెంగళూరు కాటన్‌పేటలో మా వీధి చివర బట్టల కొట్టు వాళ్లమ్మాయి. ఫస్టు ర్యాంకు ఒక పరీక్షలో నాదైతే, తర్వాతి దాంట్లో తనది. పదో క్లాసయ్యాక వాళ్లు ఊరి చివర కాడుగోడికి మారిపోయారు. మళ్లీ మేం మాట్లాడుకోలేదు.

పెద్దవాళ్లం చిన్నపిల్లల యూనిఫాం వేసుకుంటే చాలు, నవ్వొస్తుందనుకున్నాను. నా వేషం నేనే వేద్దామనుకున్నా. తన వేషానికి ఎవరూ కుదరలేదు. కెమెరా పట్టేది మా క్లాసులోని నెల్లూరు అబ్బాయి. కెమెరా అంటే వాడి ఫోనే.

"ఒరిజినల్ ఉంది కదా, తననే అడుగు. మహా అయితే నో అంటుంది," అన్నాడు.

నంబరు సంపాదించి ఫోన్ చేశాను. కథంతా వింది. తర్వాత నవ్వింది.

"చేస్తాలే. కానీ నా వేషం నువ్వెయ్యి. నీది నేనేస్తా."

"ఎందుకే?"

"నువ్వెట్లుంటావో నీకేం తెలుసు? రోజూ పక్కన కూచుని చూసింది నేను."

ఒక ఆదివారం పొద్దున, హొసకోటె ఊరు దాటాక ఉండే, నెల్లూరు అబ్బాయి వాళ్ల పిన్ని పాఠాలు చెప్పే బడికి వెళ్లాం. ఆట స్థలం మంచులో మునిగిపోయి ఉంది. గేటు దగ్గర రెండు జడలతో, నీలం యూనిఫాంలో నిలబడ్డ మనిషి ఒక్క క్షణం నిజంగా ఏడో క్లాసు పిల్లలాగే కనిపించింది. దగ్గరికి వచ్చేకొద్దీ పెద్దదైంది.

మొదట పరీక్ష సీను. తను ఎడమ మోచెయ్యి పేపరు చుట్టూ కోటలా పెట్టుకుని రాసింది. జడ కొసన రిబ్బన్ను నోట్లో పెట్టుకుంది. ఉన్నట్టుండి తలెత్తి, కిటికీలోంచి దూరంగా చూస్తూ పెదాలు కదిపింది. అదేదీ నేను రాయలేదు. మంచు పల్చబడి, ఎండ తన చెంప మీద పడుతూ ఉంది. నేనెప్పుడూ చూడని నన్ను అక్కడ చూస్తూ ఉండిపోయాను. కట్ చెప్పడం కూడా మరిచిపోయాను.

"నేనట్ల చేసేదాన్నా?"

"చేసేదానివి. మబ్బుల్ని చూసి ఏమో గొణుక్కునేదానివి. మంత్రమేమో, అందుకే మార్కులొస్తాండాయని నేనూ పెదాలు కదిపేదాన్ని. ఏం చెప్పుకునేదానివే?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఏవేవో పాటలై ఉంటాయి. ఆ పాటల్ని పక్క సీట్లోంచి ఒకరు అంత శ్రద్ధగా చూస్తున్నారని అప్పట్లో నాకు తెలియదు.

తర్వాత తలుపు సీను. నోటు పుస్తకాలు టీచరుకి ముందు ఎవరివ్వాలని ఇద్దరం పరిగెత్తి, గుమ్మంలో ఇరుక్కోవాలి. బ్యాగులతో నిజంగానే ఇరుక్కున్నాం. నవ్వాపుకోలేక అక్కడే కూలబడ్డాం. "ప్లీజ్, సీరియస్‌గా చేయండి," అని నెల్లూరు అబ్బాయి బతిమాలాడు. మేం కోలుకోలేకపోయాం. ఆ నవ్వునే సినిమాలో ఉంచేశాం.

సినిమాను కాలేజీ హాల్లో వేసిన రోజు తనూ వచ్చింది. తలుపు సీనుకు అందరూ పడి పడి నవ్వారు. కిటికీ సీనుకు మాత్రం హాలంతా నిశ్శబ్దంగా అయిపోయింది. కామెడీ అన్నాక అది లోపమేనన్నారు మా సారు. మార్కులు మామూలుగానే వచ్చాయి.

ఆ సాయంత్రం ఇద్దరం బయటికొచ్చాం. రోడ్డు పొడుగునా చెట్లు ఆకుల్లేకుండా గులాబీ రంగు పూలతో నిండి ఉన్నాయి. బస్టాపు దాకా నడిచాం. కాడుగోడి బస్సు రాగానే తను ఎక్కి వెనక్కి తిరిగింది.

"రావే. మా అమ్మ అన్నం పెడతాది."

ఇంట్లో చెప్పనైనా లేదు. ఎక్కేశాను.