మోదుగాకులో కార్జం

ఇప్పటికీ మా ఇంట్లో కార్జం వేగుతున్న వాసన వస్తే వంటింటి గడప దగ్గరికి వెళ్లి, అది ఎక్కడ మేసిన జీవమని అడుగుతాను. మా ఆవిడ వినీ వినీ విసిగిపోయింది. "నాతోని చెప్పి రాలే" అంటుంది. నిజానికి ఆ ప్రశ్న నాది కాదు. హాలియాలో మాంసం కొట్టే కటిక బాలయ్య తాతది.

కాలువకు సాగర్ నీళ్లొచ్చిన రెండో ఏడు నన్ను హాలియా పశువుల దవాఖానకు వేశారు. మాది మగ్గాల ఇల్లు, కత్తి పట్టినవాళ్లు మా వంశంలో లేరు. అలాంటి నాకు పొద్దున్నే కోసిన జీవాలను పరీక్షించి, బాగున్న మాంసానికి ముద్ర వేసే పని అప్పగించారు. ఆ చలికాలం గొర్రెల కార్జాలు వరసగా చెడి వచ్చాయి. గట్టిపడి ఉండేవి. కోస్తే లోపల వేపాకంత జలగలు. నేను ముక్కు మూసుకుని పారేయమనేవాణ్ణి. కార్జం తినడమే మానేశాను. పని సక్రమంగా చేస్తున్నానని గర్వం మాత్రం బాగానే ఉండేది. పది రోజులు చూసి, తాత నా చేతిలోని ముద్ర తీసుకుని పక్కన పెట్టాడు.

"పారేసుడు ఎవ్వడన్న చేస్తడు సారూ. గిది ఏడ మేసిందో అడిగినవా?"

అడగలేదు. ఆయన అడిగి పెట్టుకున్నాడు. చెడ్డవన్నీ కాలువ పక్క ఊరి గొల్ల కొమురయ్య మందలోవే. మందకు దిష్టి తగిలిందనుకుని, చిక్కిపోతున్న గొర్రెలను వచ్చిన కాడికి అమ్మేయడానికి కొమురయ్య బేరగాణ్ణి కూడా పిలిచాడట. "కార్జం పోతే నాకు ఒక పూట బేరం పోతది. మంద పోతే వాని ఇల్లే పోతది" అన్నాడు తాత.

చెడిన కార్జాన్ని మోదుగాకుల్లో చుట్టి నా సైకిల్ హ్యాండిల్‌కు కట్టి, తాను వెనక కూర్చున్నాడు. దారి పొడవునా ఊరకుక్కలు మమ్మల్ని ఊరేగించాయి. సర్కారు కొలువువాణ్ణి కదా, నాకు తల కొట్టేసినట్టయింది. వెనక నుంచి తాత ఒకటే నవ్వు. కొమురయ్య కాలువ గట్టు కింద మోకాలెత్తు పచ్చికలో మందను మేపుతున్నాడు. గుట్టల మీద ఎండుగడ్డి ఏరుకున్న జీవాలకు ఇంత మేత దొరికిందని మురిసిపోతూ చూపించాడు. తాత ఆకు విప్పి, కార్జాన్ని కోశాడు. జలగ పిల్లలు బురదలోని నత్తల్లో పెరిగి, నీటి అంచున గడ్డికి పట్టుకుంటాయి, అది మేసిన గొర్రె కార్జంలో జలగలవుతాయి. ఇదంతా నేను చదువుకున్నదే, కానీ నోట రావడానికి ఆ ఆకు విప్పాల్సి వచ్చింది. నా మాటలు విని కొమురయ్య గట్టు మీద కూలబడ్డాడు.

"పచ్చగున్నదని తోలుకొచ్చిన సారూ. నా చేతులార నేనే రోగం పెట్టిననా?"

"తెల్వక పెట్టినవు. తెల్సినంక గుట్టకు తోలు" అన్నాడు తాత.

బేరగాడు వట్టి చేతులతో తిరిగిపోయాడు. మరునాడు గుట్ట మీద ఒక్కో గొర్రెకూ వెదురు గొట్టంతో మందు పోశాం. ఒక పొట్టేలు నన్ను దుమ్ములో పడదోస్తే కొమురయ్య కడుపుబ్బ నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు కోపం రాలేదు.

మరుసటి ఏడు, గుట్ట మీదే పుట్టి పెరిగిన పొట్టేలును కొమురయ్యే తోలుకొచ్చి, కోసేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తాత కార్జాన్ని కోసి మా ఇద్దరి వైపు తిప్పాడు. మెత్తగా, నున్నగా ఉంది. ఒక్క జలగ లేదు. నేను సంతోషంగా ముద్ర వేశాను. తాత అక్కడే నిప్పులు రాజేసి, ఉప్పూకారం రాసి కాల్చి, మొదటి ముక్క నాకిచ్చాడు. మానేశానన్న సంగతి మరచి మూడు ముక్కలు తిన్నాను.

ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో కొలువు చేశాను. ఎక్కడ మేసిందో అడగకుండా ఒక్క కార్జం కూడా పారేయించలేదు. నిన్న మళ్లీ వాసన వచ్చి వంటింటి వైపు వెళ్లాను. నేను నోరు తెరవకముందే మా ఆవిడ పళ్లెం ముందు పెట్టింది.

"కొనేటప్పుడే అడిగిన. గుట్ట మీద మేసిందట. ఇగ తిను."