క్యారెట్ రంగు అరచెయ్యి

పాప అరచేతిని తడిగుడ్డతో తుడుస్తున్నాను. పసుపు పోలేదు. తినిపించిన గుజ్జు అంటుకుందేమోనని ఈసారి సబ్బు రాసి తుడిచాను. చెయ్యి మెరిసింది, పసుపు అలాగే ఉంది. పాదాలు తిప్పి చూశాను. అవీ అంతే. పక్కనే చాప మీద కాళ్ళాడిస్తున్న బాబు అరికాళ్ళు మాత్రం గులాబీ రంగులో ఉన్నాయి. అత్తమ్మను కేకేశాను.

ఆ రోజుల్లో భయపడటమే నా పూర్తికాలపు ఉద్యోగం అనిపిస్తుంది, ఇప్పుడు పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తుంటే. కవలలకు ఎనిమిది నెలలు, లాల్‌దర్వాజాలో రెండు గదుల అద్దె ఇల్లు. దగ్గితే భయం, దగ్గకపోతే ఎందుకు దగ్గలేదని భయం. నాకు చిన్నప్పుడే కళ్ళద్దాలు వచ్చాయి కాబట్టి వాళ్ళకూ వస్తాయేమోనన్నది అన్నిటికంటే పెద్ద భయం. అందుకే అన్నం ముట్టించిన నాటి నుంచి పూటపూటా క్యారెట్ ఉడికించి మెత్తగా చేసి పెట్టేదాన్ని, మధ్యమధ్య మార్పు కోసం గుమ్మడికాయ. (మార్పని నేననుకున్నాను. రంగు మాత్రం మారలేదు.) మా ఆయన ప్రతి ఆదివారం గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి సంచి నిండా తెచ్చి పడేసేవారు.

అత్తమ్మ పాప చేతిని వెలుతురులోకి తిప్పి చూసి, "పచ్చకామెర్లు" అంది. నెమ్మదిగా అంది. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు. "పొద్దుగాల తీస్కపోయి పసరు పోయించుకొస్త. మా తమ్మునికి గట్లనే తగ్గింది."

"ఇంత పిల్లకు ఆకు పసరేంది అత్తమ్మా? డాక్టరుకు చూపెడదాం."

"కామెర్ల సంగతి డాక్టర్లకేం ఎరుక?"

మా లొల్లి విని, కింది వాటాలో ఉండే ముస్లిం పెద్దావిడ, మేమంతా ఖాలా (పిన్ని) అని పిలిచే ఆవిడ, పైకొచ్చింది. పాపను చూసింది, పాపను పట్టుకున్న నా చేతిని చూసింది. "అయ్యో బేటీ, నీది గూడ గట్లనే ఉంది గదా."

నా అరచెయ్యీ పాప అరచెయ్యీ ఒకే తానులోంచి కోసినట్టున్నాయి. అత్తమ్మ గబుక్కున బాబును ఎత్తుకుని, నా గాలి సోకకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంటే జబ్బు నాది. పాలతో పాపకిచ్చాను, రేపు బాబుకిస్తాను. ఫోన్‌లో వెతికితే కాలేయం గురించి చదవకూడనివన్నీ వచ్చాయి, చివర్లో కళ్ళలోని తెలుపు పచ్చబడిందేమో చూడమని ఉంది. పాప నిద్రపోతోంది. రెప్ప ఎత్తితే తెలిసిపోతుంది. అందుకే ఎత్తలేదు. ఆ సాయంత్రం దాకా అద్దం వైపు కూడా వెళ్ళలేదు.

మా ఆయన ఇంటికి రాగానే పిల్లల డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో బయల్దేరాం. అత్తమ్మ, బాబు ఆ చివర, నేను, పాప ఈ చివర, మధ్యలో సరిహద్దు గోడలా మా ఆయన. డాక్టరమ్మ పాప రెప్పలు తెరిచినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను.

"కళ్ళు మల్లెపూలలెక్క ఉన్నయి. ఏం తినిపిస్తున్నరు?"

"క్యారెట్ మేడం."

"ఇంకా?"

"గుమ్మడికాయ."

"మరి బాబుకు?"

"వానికీ అదే. కానీ ఉమ్మేస్తడు."

"ఉమ్మేసింది?"

"పారెయ్య బుద్ధి గాదు. నేనే తింట."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఏం చదువుకున్నవమ్మా?"

"బీఎస్సీ. బాటనీ."

క్యారెట్ తగ్గిస్తే రంగు మెల్లగా అదే పోతుందని, జబ్బేమీ లేదని, పసరు జోలికి మాత్రం వెళ్ళొద్దని ఆవిడ చెప్పింది. మెట్లు దిగుతూ అత్తమ్మ బాబును నా చేతికిచ్చి, "గంత చదువు చదివి పిల్లను క్యారెట్ చేసినవా బిడ్డా" అంది.

తిరుగు ఆటోలో మా బాటనీ లెక్చరర్ గుర్తొచ్చింది. పత్రహరితం మేడం అనేవాళ్ళం. మొక్క కణంలో చిన్న సంచిలా ఉండే ప్లాస్టిడ్ ఒకనాడు సొంతంగా బతికిన సూక్ష్మజీవి అని, ఇంకో కణం దాన్ని మింగి, అరిగించుకోకుండా ఇంట్లో పెట్టుకుందని, అది తన జన్యువుల సామాను చాలావరకు ఆ ఇంటి బీరువాలో సర్దేసి ఇక బయట బతకలేకపోయిందని చెప్పేది. (పెళ్ళయ్యాక ఈ పాఠం నాకు ఇంకా బాగా అర్థమైంది.) మన ట్యాంకులో పట్టే నాచులోనూ అదే, సముద్రపు ఎర్ర నాచులోనూ దాని చుట్టాలే. ఆ ఇంటికి ఏది అవసరమైతే ఆ పని చేస్తుంది. ఆకులో ఆకుపచ్చగా నిలబడి వంట చేస్తుంది, ఆలుగడ్డలో పిండి దాస్తుంది, క్యారెట్‌లో నారింజ రంగు నింపుకుని కూర్చుంటుంది. ఆ రంగు సంచుల బొమ్మను ప్రాక్టికల్ రికార్డులో స్కెచ్ పెన్నుతో దిద్ది శభాష్ అనిపించుకున్నదాన్ని నేనే. సంచులు కడుపులో అరిగిపోయినా రంగు చర్మం దాకా చేరుతుందని మాత్రం తోచలేదు. భయం తలలో ఉన్నప్పుడు చదువుకు చోటుండదు కాబోలు.

మర్నాడు పొద్దున ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, రాగిజావ చల్లారుస్తూ, అర్థం కాదని తెలిసీ వాళ్ళకు చెప్పుకున్న మాట తలచుకుంటే పిల్లతల్లినైన అప్పటి నా మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. "ఈ ఇంట్ల తెలివిగలోడివి నువ్వొక్కనివే కొడుకా. బిడ్డా, నువ్వు తమ్ముని చూసి నేర్చుకో. మీ అమ్మకు భయమైతే ఎంత పెడుతున్నదో తెల్వదు. ఎక్కువైతే ఉమ్మెయ్యిండ్రి. నేనేమనుకోను."